సెకండ్ హ్యాండ్ కారుకి రెండో తాళం ఇవ్వలేదా? డబ్బు కట్టే ముందు, కట్టాక చేయాల్సిన పనులు వరసగా

"కారు తీసుకున్నాం, ఒక్క తాళమే ఇచ్చారు, రెండోది వారంలో తెప్పిస్తామన్నారు, నెల దాటింది, ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తట్లేదు." డీలర్ల దగ్గర సెకండ్ హ్యాండ్ కారు కొని నాకు ఫోన్ చేసేవాళ్లలో చాలామంది గొడవ ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెబుతుంటే ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోతున్నాను, అందుకే మొత్తం ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇంకా డబ్బు కట్టనివాళ్లు మొదటి నుంచి చదవండి. కట్టేసినవాళ్లు 6 నుంచి చదివినా సరిపోతుంది, కానీ 3లో ఉన్న పరీక్ష మాత్రం వదలొద్దు.

రెండో తాళం అంటే మొదటిది పోతే వాడుకునేది అని మాత్రమే అనుకుంటాం. అది మీ చేతిలో లేదంటే ఇంకెవరి చేతిలోనో ఉండొచ్చు. రాత్రి మీ ఇంటి ముందు పెట్టిన కారుని అద్దం పగలగొట్టకుండా, చప్పుడు లేకుండా తోలుకుపోగలిగిన మనిషి ఎక్కడో ఉండొచ్చన్నమాట. సీటు కవర్ చిరిగింది, ఏసీ కొంచెం తక్కువగా వస్తోంది లాంటి చిన్న లోపాల్లో దీన్ని కలిపేయకండి. చివరి రూపాయి చేతులు మారకముందే తాళాల లెక్క తేలాలి.

1. ముందు ఆ కారు తాళం ఏ రకమో తెలుసుకోండి

ఎంత ఖర్చవుతుంది, ఎవరు చేయగలరు అన్నది మొత్తం దీని మీదే ఉంటుంది.

మామూలు ఇనుప తాళం: పాత మారుతి 800, ఓమ్ని లాంటి బండ్లది. చిప్ ఉండదు. రోడ్డు పక్కన తాళాలు చేసేవాళ్లు నిమిషాల్లో కోసి ఇస్తారు, ఖర్చు వందల్లోనే. కానీ అంతే తేలిగ్గా దొంగ కూడా చేయించుకోగలడు.

చిప్ ఉన్న తాళం: చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, ప్లాస్టిక్ తలకాయలో చిన్న చిప్ ఉంటుంది. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న రింగు యాంటెన్నా ఆ చిప్‌ని చదివి, కోడ్ సరిపోతేనే ఇంజిన్‌ని నడవనిస్తుంది. దీన్నే ఇమ్మొబిలైజర్ అంటారు, మారుతి వాళ్లు ఐక్యాట్స్ అని పేరు పెట్టుకున్నారు. ఈ చిప్‌కి బ్యాటరీ అవసరం లేదు.

రిమోట్ ఫ్లిప్ కీ: మడిచే తాళం, దాని మీదే లాక్, అన్‌లాక్ బటన్లు. ఇందులో రిమోట్ వేరు, చిప్ వేరు. రిమోట్‌కి బ్యాటరీ కావాలి, చిప్‌కి అక్కర్లేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, 3లో అవసరమవుతుంది.

స్మార్ట్ కీ: పుష్ బటన్ స్టార్ట్ కార్లది. జేబులో ఉంటే చాలు. లోపల ఒక సన్నటి ఇనుప తాళం దాగి ఉంటుంది, బ్యాటరీ అయిపోతే దానితోనే డ్రైవర్ తలుపు తీయాలి. ఖరీదు అన్నిటికంటే ఎక్కువ. మామూలు కంపెనీ కార్లకే వేలల్లో అవుతుంది, లగ్జరీ కార్ల సంగతి చెప్పక్కర్లేదు.

కొన్ని పాత టొయోటా బండ్లకి నల్లటి తలకాయతో మాస్టర్ తాళాలు, బూడిద రంగు తలకాయతో వాలే తాళం (పార్కింగ్ చేసేవాళ్ల చేతికి ఇచ్చేది) ఉండేవి. బూడిద రంగుది మాత్రమే ఇస్తే కొత్త కీని రిజిస్టర్ చేయడానికి, అంటే కారు మెమొరీలో ఎక్కించడానికి, అది పనికిరాకపోవచ్చు. "తాళం ఇచ్చాంగా సార్" అంటే ఏ తాళం అని అడగండి.

2. డీలర్ దగ్గరికి వెళ్లే ముందు ఇంట్లో కూర్చుని చేసే పని

ఫోన్‌లో బేరం మొదలుపెట్టే ముందే మూడు ప్రశ్నలు వాట్సాప్‌లో పెట్టండి. ఫోన్‌లో అడిగితే అది మాటగానే పోతుంది, వాట్సాప్‌లో అడిగితే రేపు చూపించడానికి ఉంటుంది.

- ఒరిజినల్ తాళాలు ఎన్ని ఉన్నాయి? రెండూ ఒకచోట పెట్టి ఫొటో పంపండి.
- కీ నంబర్ ట్యాగ్ ఉందా? (కొత్త కారుతో వచ్చే చిన్న బిళ్ల ఇది, దాని మీద నంబర్ కొట్టి ఉంటుంది.)
- బండి మీద లోన్ ఉందా, ఉంటే ఎవరిది, తీరిపోయిందా?

తాళాల దగ్గర లోన్ గొడవ ఎందుకంటారా? మన దగ్గర కొందరు ఫైనాన్స్ వాళ్లు లోన్ ఇచ్చేటప్పుడే రెండో తాళం తమ దగ్గర పెట్టుకుంటారు. వాయిదాలు ఆగితే బండి ఎత్తుకుపోవడానికి. అందుకే రెండో తాళం లేదు అనగానే నాకు మొదట వచ్చే అనుమానం, లోన్ నిజంగా తీరిందా అని. పరివాహన్ సైట్‌లో గానీ ఎంపరివాహన్ యాప్‌లో గానీ బండి నంబర్ కొట్టి, ఆర్‌సీ మీద హైపోథికేషన్ (బండి లోన్‌కి తాకట్టులో ఉందన్న నమోదు) ఇంకా ఉందేమో చూడండి. ఉంటే ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న లెటర్), ఫారం 35 (ఆ తాకట్టు తీసేయించే కాగితం) లేకుండా అడుగు ముందుకేయొద్దు. ఎన్‌ఓసీతో పాటే తాళం కూడా వెనక్కి రావాలని అప్పుడే అడగండి. వాయిదాలు కట్టలేదని బ్యాంకులు ఎత్తుకొచ్చి వేలంలో అమ్మిన బండ్లకి రెండో తాళం చాలాసార్లు అసలు రాదు, అలాంటి బండి అయితే ఆ మాట ధరలో కనపడాలి.

తర్వాత, ఆ కంపెనీ షోరూమ్ సర్వీస్ సెంటర్‌కి ఒక ఫోన్ చేయండి. "ఫలానా మోడల్, ఫలానా సంవత్సరం, ఒక కీ ఉంది, రెండో కీ కొత్తది ప్రోగ్రామింగ్‌తో సహా ఎంత, ఎన్ని రోజులు?" అని అడిగి, వీలైతే ఎస్టిమేట్ మెసేజ్‌లోనే తెప్పించుకోండి. డీలర్ ముందు మీ బేరమంతా ఈ అంకె మీదే నడుస్తుంది. "ఎంతోకొంత తగ్గించండి" అన్నవాడికి రెండు వేలు తగ్గిస్తారు, అంకె చేతిలో పట్టుకుని వెళ్లినవాడితో ఆ అంకె దగ్గరే మాట మొదలవుతుంది.

3. తాళాలు పరీక్షించే వరస

పోయినేడాది మా బావమరిది విజయవాడ వైపు ఒక డీలర్ దగ్గర ఐదేళ్ల హ్యాచ్‌బ్యాక్ తీసుకున్నాడు. రెండో తాళం పాత ఓనర్ దగ్గరే ఉండిపోయిందన్నారు. వీడు పట్టు వదలకుండా ఫోన్లు చేస్తే మూడు వారాలకి కొరియర్‌లో పంపారు. "వచ్చింది బావా" అని సంబరంగా చెప్పాడు. ఆదివారం వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ తాళం చేతిలోకి తీసుకున్నాను, అసలు దానికంటే తేలిగ్గా ఉంది, తలకాయ ప్లాస్టిక్ అంచులో చిన్న పొక్కు ఉంది, కొత్తగా కోసిన పళ్ల మీద ఇత్తడి మెరుపు ఇంకా పోలేదు. తలుపు తీసుకుంది. ఇగ్నిషన్‌లో పెట్టి తిప్పితే ఇంజిన్ అందుకుని రెండు సెకన్లకి ఆగిపోయింది, మీటర్‌లో కారు మీద తాళం బొమ్మ ఎర్రగా కొట్టుకుంటోంది. చిప్ లేని డూప్లికేట్ అది. తలుపు తీయడానికి తప్ప దేనికీ పనికిరాదు. అప్పటికి డబ్బంతా కట్టేసి ఉన్నాడు, చివరికి షోరూమ్‌లో కొత్త కీ సొంత డబ్బుతోనే చేయించుకున్నాడు.

అందుకే తాళం చూసి లెక్క పెట్టుకుంటే చాలదు. ప్రతి తాళాన్నీ ఈ వరసలో పరీక్షించండి.

ఒకటి. రెండు తాళాలూ ఒకే రింగుకి ఉంటే విడదీయండి. పరీక్షించేది మీ చేతిలో ఉంచుకుని రెండోదాన్ని ఎవరికైనా ఇచ్చి పది అడుగులకి మించి దూరంగా పంపండి. ఇది చాలామందికి తెలియదు. రెండూ కలిసి ఉంటే పక్క తాళంలో చిప్‌ని చదివి బండి స్టార్ట్ అయిపోతుంది, చచ్చిన తాళం కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. స్మార్ట్ కీ విషయంలో ఇంకా జాగ్రత్త, ఒకటి డీలర్ కుర్రాడి జేబులో ఉండి అతను పక్క సీట్లో కూర్చుంటే మీ పరీక్షకి అర్థమే లేదు.

రెండు. రిమోట్ వాడకుండా, ఇనుప తాళంతోనే డ్రైవర్ తలుపు తెరిచి మళ్లీ వేయండి. స్మార్ట్ కీ అయితే లోపలి చిన్న తాళాన్ని బయటికి లాగి దానితో చేయండి. ఆ చిన్న తాళమే లేని స్మార్ట్ కీలు నేను చూశాను.

మూడు. స్టార్ట్ చేసి కనీసం ఒక నిమిషం నడవనివ్వండి. ఆపి, మళ్లీ స్టార్ట్ చేయండి. మీటర్‌లో తాళం గుర్తు కొట్టుకోకూడదు.

నాలుగు. లాక్, అన్‌లాక్, డిక్కీ బటన్లు అన్నీ నొక్కి చూడండి. పెట్రోల్ మూత, గ్లోవ్ బాక్స్ తాళంతో తీసేవైతే అవీ.

ఇప్పుడు దొరికిన లోపాన్ని ఇలా చదువుకోండి. బటన్లు పనిచేయవు కానీ బండి స్టార్ట్ అవుతోంది అంటే ముందు బ్యాటరీ మార్చి చూడండి. చాలా రిమోట్లలో సీఆర్ 2032 గానీ సీఆర్ 2016, సీఆర్ 1620 గానీ ఉంటుంది, నంబర్ బ్యాటరీ మీదే రాసి ఉంటుంది, ఖర్చు వంద రూపాయల దరిదాపు. బటన్లు పనిచేస్తాయి కానీ స్టార్ట్ అవ్వదు అంటే చిప్ లేదు, లేకపోతే రిజిస్టర్ కాలేదు, ఇది పెద్ద పనే. స్మార్ట్ కీని కారు గుర్తుపట్టకపోతే చాలా మోడళ్లలో ఆ కీని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితే స్టార్ట్ అవుతుంది. అలా అయితే కీ మంచిదే, బ్యాటరీ అయిపోయింది. తాళం తలుపులో తిరుగుతుంది, ఇగ్నిషన్‌లో తిరగదు అంటే ఎక్కడో తాళం సెట్టు ఒకటి మార్చారన్నమాట, ఎందుకు మార్చారో అడగండి.

ఇంకో పరీక్ష ఉంది, వీలుంటే తప్పకుండా చేయించండి. కొనేముందు బండిని ఎలాగూ షోరూమ్ సర్వీస్ సెంటర్‌లో చెక్ చేయిస్తాం కదా, అప్పుడే స్కానర్ పెట్టి ఆ కారుకి ఎన్ని కీలు రిజిస్టర్ అయి ఉన్నాయో చూడమని అడగండి. చాలా కంపెనీల స్కానర్‌లో ఆ సంఖ్య కనిపిస్తుంది. మైకీ (కొన్ని తాళాలకి పరిమితులు పెట్టే సదుపాయం) ఉన్న ఫోర్డ్ కార్లలో అయితే మీటర్ మెనూలోనే ఎన్ని అడ్మిన్ కీలు, అంటే పరిమితులు లేని తాళాలు, ఉన్నాయో చూపిస్తుంది. మీ చేతిలో రెండు ఉండి స్కానర్‌లో మూడు వస్తే, ఆ మూడోది ఎక్కడుందో ఎవరో ఒకరు చెప్పాలి.

4. డీలర్ ఏమంటాడు, మీరేమనాలి

"ఓనర్ దగ్గర ఉంది సార్, ఆదివారం తెచ్చిస్తాడు." అలాగే అన్నా, ఆదివారమే డెలివరీ తీసుకుంటాను, అనండి. గొంతు పెంచక్కర్లేదు. అడ్వాన్స్ ఇచ్చి బండి మీ పేరున ఆపించుకోండి, మిగతా డబ్బు తాళంతో పాటే.

2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలన్న కేంద్ర నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఆ సర్టిఫికెట్ ఫారం 29బి. ఓనర్ బండిని డీలర్‌కి అప్పగించినట్టు ఫారం 29సి ఆన్‌లైన్‌లో పెడితే, అక్కడి నుంచి డీలర్‌నే ఓనర్ కింద లెక్క. కాబట్టి మీరు కొనేది ఆథరైజ్డ్ డీలర్ దగ్గరైతే "పాత ఓనర్‌ని అడుక్కోండి" అనే మాట చెల్లదు, బండి బాధ్యత ఆయనదే. 29బి చూపించమని అడగండి, ఆ ఒక్క ప్రశ్నతోనే ఎదుటివాళ్లు మీతో మాట్లాడే పద్ధతి మారుతుంది. ఆథరైజేషన్ లేదని తేలితే, పాత ఓనర్ ఫోన్ నంబర్ తీసుకుని మీరే మాట్లాడండి. చాలాసార్లు తాళం వాళ్లింట్లో బీరువాలోనే ఉంటుంది, డీలర్ అడగనే అడగలేదని తెలుస్తుంది.

"ఒక్కటే వచ్చింది సార్, మాకూ ఒక్కటే ఇచ్చారు." ఇది నిజం కావచ్చు. అప్పుడు అడగాల్సింది, రెండోది ఏమైంది? పోయిందా, ఎప్పుడు పోయింది, పోలీసులకి రిపోర్ట్ ఇచ్చారా? రిపోర్ట్ కాపీ ఉంటే తీసుకోండి. లేకపోతే పాత ఓనర్ సంతకంతో "రెండో తాళం ఫలానా నెలలో పోయింది, నా దగ్గర ఇంకే తాళమూ లేదు" అని ఒక కాగితం రాయించుకోండి. ఇన్సూరెన్స్ దగ్గర ఇది ఎంత అవసరపడుతుందో 9లో చెప్తాను.

"బయట ఐదొందలకి చేయిస్తాం." మామూలు ఇనుప తాళం బండి అయితే సరే. చిప్ బండి అయితే ఐదొందల తాళం అంటే మా బావమరిదికి వచ్చినలాంటిదే. "షోరూమ్ ఎస్టిమేట్ ఇదిగో, ఇంత తగ్గించండి, నేనే చేయించుకుంటాను" అనడమే మంచిది. నిజానికి నాకు అన్నిటికంటే నచ్చే దారి ఇదే. తాళం మీ చేతుల మీదుగా తయారవుతుంది, బిల్లు మీ పేరున ఉంటుంది, పాత తాళాన్ని అప్పుడే చెరిపించుకోవచ్చు.

5. కాగితం మీద ఏం రాయించుకోవాలి

డెలివరీ నోట్ మీద గానీ సేల్ అగ్రిమెంట్ మీద గానీ తాళాల గురించి చాలాసార్లు ఒక్క ముక్క కూడా ఉండదు. మీరే రాయించాలి. ఇలా రాయొచ్చు:

"బండి నంబర్ ______కి ఈరోజు ఒరిజినల్ తాళం ఒకటి అప్పగించాం. రెండో ఒరిజినల్ తాళం (చిప్, రిమోట్ పనిచేసేది) ______ తేదీ లోపు ఇస్తాం. ఇవ్వని పక్షంలో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కొత్త కీ, ప్రోగ్రామింగ్, పాత కీ తొలగింపు మొత్తం ఖర్చు మేము భరిస్తాం. ఇందుకోసం కొనుగోలుదారు ______ రూపాయలు ఆపుకున్నారు."

ఇందులో ప్రాణం అంతా ఆఖరి వాక్యంలోనే ఉంది. షోరూమ్ ఎస్టిమేట్ ఎంతో అంతకి తగ్గకుండా ఆపుకోండి. "చిప్, రిమోట్ పనిచేసేది" అన్న మాట కూడా తీసేయనివ్వొద్దు, అది లేకపోతే ఇనుప ముక్క ఇచ్చి ఇచ్చేశాం అంటారు. తేదీ, షాపు స్టాంపు, సంతకం, సంతకం చేసినవాళ్ల పేరు ఉండాలి. వెంటనే ఫొటో తీసి అదే డీలర్ నంబర్‌కి వాట్సాప్ చేయండి.

లోన్ మీద కొంటున్నారా, బ్యాంకు డబ్బు నేరుగా డీలర్ ఖాతాలోకి పోతుంది కాబట్టి ఆపుకోవడం మీ చేతిలో ఉండదు. మీ చేతి నుంచి కట్టే డౌన్ పేమెంట్‌లో చివరి వాయిదాని ఆపండి.

అమెరికాలో చదువుకో, ఉద్యోగానికో వెళ్లి అక్కడ యూజ్డ్ కారు కొనే మనవాళ్లకి కూడా ఒక మాట. అక్కడ డీలర్లు బాకీ పడ్డ పనులు రాసిచ్చే కాగితం ఉంటుంది, వీ ఓ (We Owe, "మేం బాకీ") ఫారం అనో డ్యూ బిల్ అనో అంటారు. సేల్స్‌మన్ నోటితో చెప్పిన రెండో కీ అందులో ఎక్కితేనే లెక్క. కారు అద్దానికి అంటించిన బయర్స్ గైడ్‌లో యాజ్ ఈజ్ (ఉన్నది ఉన్నట్టే, డీలర్ వారంటీ లేదు) అని టిక్ పెట్టి ఉంటే మరీ జాగ్రత్త.

6. డబ్బు కట్టేశాక తాళం రాకపోతే

కోపంగా షాపు ముందు అరిస్తే ఆ రోజుకి టీ ఇచ్చి పంపిస్తారు, అంతే. ఇలా వెళ్లండి:

- మొదట వాట్సాప్, ఈమెయిల్ రెండిట్లోనూ రాయండి. కొన్న తేదీ, బండి నంబర్, వాళ్లు చెప్పిన మాట, ఏడు రోజుల గడువు.
- ఆ వారంలోనే షోరూమ్ ఎస్టిమేట్ తెప్పించి జత చేయండి. "తాళం ఇవ్వండి లేదా ఈ మొత్తం ఇవ్వండి" అని రెండు దారులు చూపించండి. చాలావరకు ఇక్కడే తేలుతుంది.
- గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. తెలుగులో మాట్లాడొచ్చు.
- అప్పటికీ కదలకపోతే స్పీడ్ పోస్టులో నోటీసు, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు కారుకి కట్టింది 5 లక్షల లోపైతే ఫిర్యాదుకి ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో వేయొచ్చు. రెండేళ్ల లోపు వేయాలి.

వాళ్లతో నడిచే ఈ పని ఒకవైపు జరగనివ్వండి, తాళం చేయించుకోవడం మాత్రం దాని కోసం ఆపొద్దు. చేతిలో ఉన్న ఒక్క తాళం కూడా పోతే ఖర్చు ఒక్కసారిగా పెరిగిపోతుంది. బండిని లారీ మీద వేసుకుని షోరూమ్‌కి తీసుకెళ్లాలి, కొన్ని మోడళ్లలో ఇమ్మొబిలైజర్ డబ్బా మార్చేదాకా పోతుంది. బిల్లు దాచుకోండి, తర్వాత అడగొచ్చు.

7. కొత్త తాళం చేయించే వరస

షోరూమ్‌లో అయితే: ఆర్‌సీ, మీ ఆధార్ లాంటి గుర్తింపు కార్డు, ఉన్న తాళం, కీ నంబర్ ట్యాగ్ ఉంటే అది, ఇన్సూరెన్స్ కాపీ తీసుకెళ్లండి. ఆర్‌సీ ఇంకా పాత ఓనర్ పేరునే ఉంటే ఆయన సంతకంతో లెటర్ అడుగుతారు, ఇక్కడే చాలామంది రెండోసారి తిరగాల్సి వస్తుంది. ముందే ఫోన్ చేసి ఏమేం కావాలో కనుక్కోండి. కీ ఆర్డర్ పెట్టాక కంపెనీ నుంచి రావడానికి రోజులు పడుతుంది, ఒక్కోసారి వారాలు. వచ్చాక కారు, ఉన్న తాళాలన్నీ తీసుకుని మళ్లీ వెళ్లాలి.

బయట చేయించాలంటే: మన ఆటోనగర్లలోనూ, పెద్ద ఊళ్లలో కార్ కీ షాపుల్లోనూ మెషిన్ పెట్టుకుని చిప్ కీ చేసేవాళ్లు ఉన్నారు, మంచి పనివాళ్లు ఉన్నారు, షోరూమ్ కంటే చాలా తక్కువకే చేస్తారు. పని మొదలుపెట్టకముందు ఒక్క ప్రశ్న అడగండి: "క్లోన్ చేస్తావా అన్నా, కొత్త కీ రిజిస్టర్ చేస్తావా?"

క్లోన్ అంటే మీ దగ్గరున్న తాళం చిప్‌ని కాపీ కొట్టడం. కారుకి రెండూ ఒకే తాళంలా కనిపిస్తాయి. పని త్వరగా అవుతుంది, చవక. కానీ ఎక్కడో తిరుగుతున్న పాత తాళం అలాగే బతికి ఉంటుంది. రిజిస్టర్ చేయడం అంటే కారు మెమొరీలో కొత్త కీని ఎక్కించడం, అప్పుడు పాతదాన్ని తీసేయించొచ్చు. మీ రెండో తాళం ఎవరి దగ్గరుందో తెలియనప్పుడు క్లోన్‌తో సరిపెట్టుకోవద్దు.

పని మీ కళ్ల ముందే జరగాలి, కారునీ తాళాన్నీ వదిలేసి "సాయంత్రం వస్తా" అని వెళ్లొద్దు. అయ్యాక 3లో చెప్పిన పరీక్ష మొత్తం మళ్లీ చేసి, అప్పుడు డబ్బులివ్వండి.

8. పాత తాళాన్ని పనికిరాకుండా చేయడం

ఈ పని అందరూ మర్చిపోతారు, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. కొత్త తాళం వచ్చింది కదా అని సంతోషపడతారు, కనపడకుండా పోయినదాని సంగతి ఎవరికీ గుర్తుండదు.

సర్వీస్ సెంటర్‌లో "పాత కీలన్నీ తీసేసి, నేను తెచ్చిన రెండే మళ్లీ ఎక్కించండి" అని స్పష్టంగా అడగండి. అడగకపోతే కొత్తదాన్ని కలిపి ఊరుకోవచ్చు. పాతవన్నీ తీసేసి మళ్లీ ఎక్కించినప్పుడు ఆ సమయానికి అక్కడ లేని ప్రతి తాళమూ కారుకి పరాయిదైపోతుంది. కాబట్టి ఇంట్లో ఆవిడ దగ్గరో నాన్నగారి దగ్గరో ఉన్న తాళం కూడా వెంట తీసుకెళ్లండి. చివర్లో స్కానర్‌లో సంఖ్య చూపించమనండి, రెండు అని రావాలి. జాబ్ కార్డు (సర్వీస్ సెంటర్ చేసిన పనులు రాసే కాగితం) మీద కూడా ఆ మాట రాయించండి.

దీనితో పాత తాళంతో ఇంజిన్ నడవదు. కానీ దాని ఇనుప పళ్లు అలాగే ఉన్నాయి, తలుపు తెరుచుకుంటుంది. కారులో ల్యాప్‌టాప్, ఒరిజినల్ కాగితాలు వదిలే అలవాటుంటే మానేయండి. మరీ టెన్షన్‌గా ఉంటే, లేదా మీది చిప్ లేని పాత బండి అయితే, తలుపులది, ఇగ్నిషన్‌ది తాళం సెట్టు మొత్తం మార్పించడమే దారి. అందాకా గేర్ లాక్ గానీ స్టీరింగ్ లాక్ గానీ వేసుకోండి.

ఇంకొకటి. యాప్‌తో నడిచే కార్లు, బ్లూలింక్, కియా కనెక్ట్, ఐఆర్‌ఏ లాంటివి ఉన్నవి కొంటే, పాత ఓనర్ ఫోన్ కూడా ఒక తాళమే. ఆయన యాప్‌లోంచి బండి తీసేయకపోతే కారు ఎక్కడుందో ఆయనకి కనిపిస్తూనే ఉంటుంది, కొన్నిట్లో తలుపు కూడా తీయొచ్చు. ఆయన చేత తీయించి, మీ పేరున యాక్టివేట్ చేయించి, కారులో స్క్రీన్‌ని రీసెట్ కొట్టండి.

9. ఇన్సూరెన్స్ దగ్గర ఈ విషయం ఎలా బయటికి వస్తుంది

కారు దొంగతనం జరిగి క్లెయిమ్‌కి వెళ్తే ఎఫ్ఐఆర్, ఆర్‌సీ, పాలసీతో పాటు ఇన్సూరెన్స్ కంపెనీ అడిగేది ఒరిజినల్ తాళాలు రెండూ. ఒక్కటే ఇస్తే రెండోది ఏమైందని ప్రశ్న మొదలవుతుంది, తాళం బండిలోనే వదిలేశారా, మీరే ఎవరికైనా ఇచ్చారా అన్నదాకా వెళ్తుంది. లక్షల క్లెయిమ్ నెలల తరబడి నడుస్తుంది.

కాబట్టి పాలసీ మీ పేరున మార్పించేటప్పుడే, ఈ పని బండి బదిలీ అయిన 14 రోజుల్లో అడగాలి, ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక ఈమెయిల్ పెట్టండి: "ఫలానా తేదీన డీలర్ దగ్గర కొన్నప్పుడు ఒక్క తాళమే ఇచ్చారు, డెలివరీ నోట్ జతచేశాను." తర్వాత కొత్త కీ చేయించి, పాతది తీసేయించాక ఆ బిల్లు, జాబ్ కార్డు అదే ఈమెయిల్‌కి రిప్లై కొట్టండి. తాళం మీ దగ్గరున్నప్పుడు పోతే ఆ రోజే పోలీస్ స్టేషన్‌లో రిపోర్ట్ ఇవ్వండి.

కీ రీప్లేస్‌మెంట్ కవర్ ఉంది కదా అనుకోవద్దు. అది మీ దగ్గరున్న తాళం పోతే కొత్తదానికి ఇచ్చేది. కొన్నప్పుడే లేని తాళానికి దాని మీద ఆశ పెట్టుకోకండి.

10. తరచూ చూసే పొరపాట్లు

కీ నంబర్ ట్యాగ్‌ని తాళాల రింగుకే ఉంచేస్తారు. తాళం పోతే నంబర్ కూడా పోతుంది, దొరికినవాడికి కొత్త తాళం కోయించుకునే దారి కూడా దొరుకుతుంది. తీసి బీరువాలో పెట్టండి, ఫొటో తీసి సోషల్ మీడియాలో కొత్త కారు సంబరంలో పెట్టకండి. తాళం పళ్లు స్పష్టంగా కనిపించే ఫొటో కూడా వద్దు.

రెండో తాళాన్ని కారు గ్లోవ్ బాక్స్‌లో పెడతారు. దయచేసి వద్దు.

కొన్నాక రెండో తాళాన్ని ఏళ్ల తరబడి ముట్టుకోరు. స్మార్ట్ కీ, రిమోట్‌లో బ్యాటరీ అయిపోయి, ఒక్కోసారి కారిపోయి లోపల పాడవుతుంది. రెండు మూడు నెలలకోసారి దానితోనే బండి తీయండి.

ఆన్‌లైన్‌లో కీ షెల్ (తాళం పై ప్లాస్టిక్ డొల్ల) కొని పాతది మార్చుకునేటప్పుడు చిప్‌ని పాత తలకాయలోనే వదిలేసి పారేస్తారు. చిప్ కొన్నిట్లో సర్క్యూట్ బోర్డు మీద కాకుండా పక్కన విడిగా, బియ్యపు గింజ కంటే కాస్త పెద్దగా, నల్లటి ముక్కలా ఉంటుంది. పాత షెల్ పారేసే ముందు కొత్తదానితో బండి స్టార్ట్ చేసి చూడండి.

11. డెలివరీ రోజు చేతిలో పెట్టుకోవాల్సిన చీటీ

- పరివాహన్‌లో లోన్ చూశాను, ఉంటే ఎన్‌ఓసీ, ఫారం 35 వచ్చాయి
- షోరూమ్ నుంచి కొత్త కీ ఎస్టిమేట్ ఫోన్‌లో ఉంది
- తాళాలు విడదీసి, ఒకదాన్ని దూరంగా పంపి, ఒక్కొక్కటీ విడిగా పరీక్షించాను
- తలుపు, స్టార్ట్ రెండుసార్లు, అన్ని బటన్లు, స్మార్ట్ కీ లోపలి తాళం
- కీ నంబర్ ట్యాగ్ తీసుకున్నాను
- రిజిస్టర్ అయిన కీల సంఖ్య, నా చేతిలో ఉన్నవి సరిపోయాయి
- రెండో తాళం లేకపోతే: తేదీ, "చిప్, రిమోట్ పనిచేసేది", ఆపుకున్న మొత్తం కాగితం మీద ఉన్నాయి, స్టాంపు పడింది
- తాళం పోయిందంటే పాత ఓనర్ సంతకం చేసిన కాగితం ఉంది
- పాత ఓనర్ యాప్‌లోంచి బండి తీసేశారు
- కాగితాలన్నీ ఫొటో తీసి డీలర్ వాట్సాప్‌కి పంపాను
- ఇవన్నీ అయ్యాకే చివరి చెల్లింపు చేశాను